కొండ మీది రోగం, కాగితం మీది గీత

శృంగవరపుకోట: పట్టణంలో ప్రభుత్వాసుపత్రి ఉంది. మందుల దుకాణాలకు కొదవ లేదు. బొడ్డవర మీదుగా అరకుకు తారురోడ్డు ఉంది. అయినా ఇదే మండలంలోని దారపర్తి పంచాయతీ గిరిశిఖర గ్రామాల నుంచి గర్భిణులను, రోగులను డోలీ కట్టి దింపిన వార్తలు ఎన్నోసార్లు పత్రికలకెక్కాయి. లోపం వైద్యంలో ఉందా, దారిలో ఉందా అన్నది ఆలోచించవలసిన విషయం.

గట్టి కర్రకు దుప్పటి కట్టి, రోగిని అందులో పడుకోబెట్టి ఇద్దరు భుజాన ఎత్తుకుంటారు. భుజం మార్చుకోవడానికి మరికొందరు వెంట నడవాలి. మగవాళ్ళు కూలికి పోయిన వేళ అయితే ముందు వారిని పిలుచుకు రావాలి. వానల్లో గెడ్డ పొంగితే తగ్గే వరకు ఒడ్డున కూర్చోవాలి. 2005లో 108 సర్వీసు వచ్చింది గాని, ఆ బండి రోడ్డు ఉన్నంత మేరకే వస్తుంది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే కొద్ది గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు. ఆ గంటలు కొండ దిగడానికే సరిపోతే డాక్టరు ఎంత మంచివాడైనా చేసేదేముంది?

దారి ఒక్కటే కాదు, కాగితం మీది గీత కూడా ఉంది. కొండకు అటువైపు అనంతగిరి, అరకు షెడ్యూల్డు ప్రాంతాలు. ఇటు వాలులో ఉన్న దారపర్తి నాన్‌షెడ్యూల్డు. కొండ ఒకటే, బతుకూ ఒకటే. ఉమ్మడి విజయనగరం జిల్లాలో గిరిజన ఉపప్రణాళిక కింద సాలూరు, కురుపాం వంటి 8 మండలాలనే చేర్చారు. వాటిలో శృంగవరపుకోట లేదు. 2022 ఏప్రిల్ 4న ఆ ఎనిమిదీ పార్వతీపురం మన్యం జిల్లాకు పోయాయి. గిరిజనుల భూమి పరుల చేతికి పోకుండా కాపాడే 1970 నాటి 1/70 చట్టం సైతం గీత దాటి ఇటు రాదు. భూమి పోయిన ఇంట్లో గింజలు తగ్గుతాయి, గింజలు తగ్గితే బాలింతకు రక్తం తగ్గుతుంది. అందుకే తమ గ్రామాలను అయిదవ షెడ్యూలులో చేర్చాలని ఇక్కడి గిరిజనులు కోరుతూ వచ్చారు.

గీతకు లోపల ఉంటే ఏమి జరుగుతుందో సాలూరు చూపింది. 2018లో ఐ.టి.డి.ఎ. అక్కడ గిరిశిఖర గర్భిణుల వసతిగృహం తెరిచింది. నెలలు నిండకముందే కొండ దిగి, తిండి, వైద్యం అందుకుంటూ ఉండి, నొప్పులు రాగానే ఆసుపత్రికి చేరవచ్చు. పెద్ద యంత్రాలు కావలసిన పని కాదది. అయితే అక్కడా రోడ్డు గోడు తీరలేదు. 2020లో అదే మండలంలోని కొదమ గిరిజనులు తామే చందాలు వేసుకుని, అప్పులు తెచ్చి బాట తవ్వుకున్నారు.

2025 ఏప్రిల్‌లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ డుంబ్రిగుడ మండలం పెదపాడులో ‘అడవి తల్లి బాట’ ప్రారంభించారు. గిరిజన గ్రామాల రోడ్లకు సుమారు వెయ్యి కోట్ల రూపాయలని ప్రకటించారు. ఆ జాబితాలో నాన్‌షెడ్యూల్డు గ్రామాలకు దక్కిన చోటెంతో గ్రామసభలో పేరు పేరునా అడిగి తెలుసుకోవలసింది దారపర్తి వంటి పంచాయతీల వారే. వచ్చే వానలలోగా నెలలు నిండే గర్భిణులు ఏ ఊరిలో ఎందరున్నారో, వారిని ముందుగా దింపి కోటలో ఎక్కడ ఉంచుతారో అదే సభలో తేల్చవచ్చు. దానికి షెడ్యూలుతో పని లేదు.