ఎండ అందరిది, రాత్రి దీపం ఎవరిది?

మన కాలనీల్లో డాబాల మీద సోలార్ పలకలు ఏటికేడు పెరుగుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన 'పీఎం సూర్య ఘర్' పథకం కింద ఇంటి మీద ఒక కిలోవాట్ పెట్టుకుంటే 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే 78,000 రూపాయలు కేంద్ర సబ్సిడీ వస్తుంది. బెంగళూరు, చెన్నై, బ్రహ్మపురం, షోలాపూర్, యానాం... ఏ ఊళ్లో ఉన్న తెలుగు కుటుంబమైనా సొంత డాబా ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. సంతోషించవలసిన మాటే.

అయితే ఎక్కడ విన్నా 'బిల్లు ఎంత తగ్గింది' అన్న ప్రశ్నే. రాత్రి సంగతి అడిగేవారు తక్కువ. పనికీ, బడికీ వెళ్లిన మనుషులు ఇల్లు చేరేది పొద్దు గుంకాకే. పిల్లలు పుస్తకం తీసేది, పెద్దవాళ్లు ఫ్యాన్ కింద నడుము వాల్చేది అప్పుడే. ఆ వేళకు పలకలు పని చేయవు. పగటి కరెంటును రాత్రికి దాచేది బ్యాటరీ. దాన్ని కొనడం కంటే తెల్లారేదాకా జాగ్రత్తగా నడపడం ముఖ్యం. అంతకంటే ముఖ్యం, ఆ వెలుగు డాబా లేని ఇంటికీ అందేలా చూడడం. ఈ సంపాదకీయంలో మేము చెప్పదలచింది ఇదే.

ముందుగా ఒక అపోహ తొలగాలి. పలకలు ఉన్నాయి కనుక కరెంటు పోయినా మన ఇంట్లో లైటు వెలుగుతుందని చాలామంది నమ్మకం. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్, వీధిలో సరఫరా ఆగగానే తానూ ఆగిపోతుంది. తెగిన తీగను బాగుచేసే లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు తగలకూడదని అలా తయారుచేశారు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2019 మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటాక స్తంభాలు కూలి ఎన్నో ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రాత్రి బ్యాటరీ, దానితో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ లేకపోతే డాబా నిండా పలకలున్నా ప్రయోజనం లేదు.

ఇక రాత్రి లెక్క. మూడు పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, పది గంటలు తిరిగితే రెండుంబావు యూనిట్లు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఐదు, నాలుగు గంటలు వెలిగితే యూనిట్‌లో ఐదోవంతు కూడా కాదు. ఫ్రిజ్‌కు రాత్రంతా సుమారు అర యూనిట్ పైన, టీవీకీ ఇంటర్నెట్ పెట్టెకూ కలిపి మరో 0.3 యూనిట్. మొత్తం 3.3 యూనిట్ల దాకా వస్తుంది. అవే మూడు ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీ రకానివైతే ఆ మొత్తం రెండు యూనిట్లకు దిగుతుంది. బ్యాటరీ పెద్దది కొనేముందు ఫ్యాన్లు మార్చుకోవడం మేలు.

ఐదు యూనిట్ల లిథియం బ్యాటరీ ఉందనుకుందాం. ఎనభై శాతం వాడి, ఇన్వర్టర్‌లో పోయేది తీసేస్తే చేతికి మూడున్నర యూనిట్లు వస్తాయి. పాత ఫ్యాన్లతో తెల్లారేసరికి అది దాదాపు ఖాళీ. కొత్త ఫ్యాన్లతో యూనిట్‌న్నర మిగులుతుంది. చాలా ఇళ్లలో ఉండే 12 వోల్టుల, 150 యాంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. అది పదికాలాలు మన్నాలంటే సగమే వాడాలి. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లకు, ఐదు బల్బులకు అది సరిపోతుంది. టన్నున్నర ఏసీ వేస్తే మాత్రం ఐదు యూనిట్ల బ్యాటరీ కూడా అర్ధరాత్రి దాటాక ఎక్కువసేపు నిలవదు.

కనుక కొన్ని అలవాట్లు కావాలి. నీళ్ల మోటారు, ఇస్త్రీ పెట్టె, వాషింగ్ మెషీన్ పగలే ముగించాలి. మంచి ఎండ ఉన్న రోజున ఒక కిలోవాట్ పలకలు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. పగటి పనులు పగలే అయిపోతే మిగిలినదంతా బ్యాటరీకి చేరుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడే ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్‌లను విడిగా ఒక లైనుకు కలిపించి, బ్యాటరీని ఆ లైనుకే ఇవ్వాలి. గీజర్, ఏసీ దాని జోలికి రాకూడదు.

సాయంత్రపు వాడకానికి ఇంకో కోణం ఉంది. 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు స్మార్ట్ మీటర్ ఉన్న ఇళ్లకు వేళను బట్టి ధర పెట్టమన్నాయి. ఎండ వేళ కనీసం 20 శాతం తక్కువ, రద్దీ వేళ కనీసం 10 శాతం ఎక్కువ. అది అమలైన చోట బ్యాటరీని ముందుగా సాయంత్రపు రద్దీలో వాడుకోవడం లాభం. అందరూ ఒక్కసారే స్విచ్ వేసే ఆ వేళ ఎక్కువగా బొగ్గు మీదే నడుస్తుంది. ఎన్నూరులో, తాల్చేరులో ఆ బూడిద మధ్య బతికేవాళ్లు పేదలే. తుపాను కాలంలో మాత్రం మూడోవంతు చార్జి ఎప్పుడూ మిగిలి ఉండేలా ఇన్వర్టర్‌లో సెట్ చేసుకోవాలి. పదిమంది కన్యకల ఉపమానం మన పాఠకులకు కొత్త కాదు. రాత్రి ఎంతసేపు సాగుతుందో తెలియనప్పుడు సిద్దెలో నూనె ఉండాలి.

ఇంతవరకు చెప్పినదంతా సొంత డాబా ఉన్నవారికి. అద్దె గదుల్లో, రేకుల ఇళ్లలో, లైన్ ఇళ్లలో ఉండేవారి సంగతి? 1902లో శివనసముద్రం జలవిద్యుత్ కోలారు బంగారు గనులకు చేరింది. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో. ఆ తీగలు లాగింది గని యంత్రాల కోసం, తెలుగు, తమిళ కూలీల గదుల కోసం కాదు. కరెంటు మొదట డబ్బున్న చోటికే వెళ్తుందని మన పెద్దల అనుభవం. సోలార్ విషయంలోనూ అదే జరిగితే మనం చూస్తూ ఊరుకోకూడదు. సబ్సిడీ డాబాను చూసి వస్తుంది, అవసరాన్ని చూసి కాదు.

మన చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. ఆదివారం నిండి, వారమంతా ఖాళీగా ఉండే మందిరాల పైకప్పులు ఉన్నాయి. అక్కడ పలకలు, ఒక బ్యాటరీ ఉంటే సాయంత్రం పిల్లలు చదువుకోవచ్చు. తుపాను రాత్రి పేటలో అందరూ, మతం అడగకుండా, ఫోన్లు చార్జి చేసుకోవచ్చు. ఊపిరికి నెబ్యులైజర్ కావలసినవారికి, ఇన్సులిన్ చల్లగా ఉంచుకోవలసినవారికి అది ప్రాణాధారం. అపార్ట్‌మెంట్లలో ఉమ్మడి లైట్లకు, నీటి మోటారుకు సోలార్ పెట్టుకుంటే నివాసుల సంఘానికి కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. వాచ్‌మన్ గదిని కూడా ఆ లైనుకే కలపమని మన సభ్యులు అడగాలి.

పాత బ్యాటరీ విషయంలోనూ న్యాయం ఉంది. దాన్ని నాలుగు డబ్బుల కోసం దారిన పోయే పాత ఇనుప వ్యాపారికి అమ్మితే, ఎక్కడో పెరట్లో పగలగొట్టి సీసం కరిగిస్తారు. ఆ పొగ మొదట పాడుచేసేది అక్కడి పసిపిల్లల మెదడునే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి చేరేలా చూసే బాధ్యత తయారీదారులదే. కొన్న చోటే తిరిగి ఇచ్చి, రసీదు అడగాలి.

యువతకు మా మనవి ఒకటి. ఐటీఐ, డిప్లొమా, ఇంజనీరింగ్ చదివినవారు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఇద్దరిద్దరుగా వెళ్లి పది ఇళ్ల రాత్రి లెక్క రాయండి. ఏ ఇంటికి ఎన్ని యూనిట్లు కావాలి, ఎవరింట్లో జబ్బు మనిషి ఉన్నారు, ఎవరికి డాబా లేదు, అన్నీ రాసి సంఘ పెద్దల ముందు పెట్టండి. తరువాతి తుపాను లోపు ఒక్క మందిరం పైకప్పయినా ఆ లెక్కకు జవాబు చెప్పాలి.