పసిబిడ్డను ఎవరి చేతుల్లో పెట్టాలి?

పరిశుద్ధ గ్రంథంలో పేరు తెలియని దాది ఒకామె ఉంది. సౌలు, యోనాతాను యుద్ధంలో కూలిపోయారన్న కబురు యెజ్రెయేలు నుండి రాగానే ఆమె యోనాతాను కొడుకును ఎత్తుకుని పారిపోయింది. ఆ తొందరలో బిడ్డ కిందపడి రెండు కాళ్ళూ కుంటివయ్యాయి (2 సమూయేలు 4:4). అప్పటికి ఆ బిడ్డకు అయిదేళ్ళు. అతడే మెఫీబోషెతు. దావీదు అతన్ని తన భోజనపు బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్న సంగతి మనం ఎన్ని ప్రసంగాల్లో విన్నామో లెక్కలేదు. కానీ ఆ దాదిని గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడినా 'బిడ్డను పడేసిన మనిషి' అంటారే తప్ప, ప్రాణాలకు తెగించి బిడ్డను ఎత్తుకున్న మనిషి అనరు.

ఆమె ఈ మధ్య తరచుగా గుర్తుకు రావడానికి ఒక కారణముంది. చంద్రగిరిలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక యౌవన సోదరి, చంకలో పాపతో, అందరూ వెళ్ళేదాకా ఆగి దగ్గరికొచ్చింది. "వందనాలు అయ్యగారూ. సెలవు అయిపోతా ఉంది. వచ్చే నెల నుంచి డ్యూటీకి పోవాల. పాపకు అయిదో నెల. మా అమ్మ పాకాల పక్క పల్లెలో ఉంది, రాలేదు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి. ఎవురి దగ్గర వదలమంటారు?" ఆమె తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అడిగింది సలహాయే అయినా, ఆమె ముఖం చూస్తే ఏదో తప్పు చేసి క్షమించమని అడుగుతున్నట్టుంది. భర్త రెండడుగుల దూరంలో సెల్‌ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. అతని ముఖంలో అలాంటి బాధేమీ లేదు. ఉద్యోగానికి పోయే తండ్రిని బిడ్డను ఎవరి దగ్గర వదిలావని మనమెవరమూ అడగం గదా!

ఆ అపరాధభావం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చింది? దాచుకోవడమెందుకు, చాలామట్టుకు మా ప్రసంగ వేదికల నుంచే వచ్చింది. తీతు పత్రిక రెండో అధ్యాయం తీసి, స్త్రీ ఇల్లు కదలకూడదన్నట్టు బోధిస్తాం. అదే సోదరి జీతంలోంచి దశమభాగం తెస్తే మాత్రం సంతోషంగా పుచ్చుకుంటాం. సామెతలు 31లోని గుణవతి పొలాన్ని చూసి కొంటుంది, నారబట్టలు నేయించి అమ్ముతుంది, తెల్లవారకముందే లేచి ఇంటివారికీ పనికత్తెలకూ ఏర్పాట్లు చేస్తుంది. ఆమె ఇంట్లో పనికత్తెలున్నారన్న సంగతిని మనం చదివీ చదవనట్టు దాటేస్తాం.

బైబిల్లో అతి ప్రసిద్ధమైన దాది మోషే కన్నతల్లే. నదిలో దొరికిన బిడ్డను తీసుకుపోయి పెంచమనీ, జీతమిస్తాననీ ఫరో కుమార్తె యోకెబెదుతో చెప్పింది (నిర్గమ 2:9). ఈ వాక్యం మీద ప్రసంగించినప్పుడు తల్లికి జీతం ఇప్పించిన దేవుని తెలివిని మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. కానీ ఫరో కుమార్తె వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. తన బిడ్డగా చేసుకోదలచినవాణ్ణి ఆమె ఒక బానిస స్త్రీ చేతికిచ్చింది, కూలి నిర్ణయించింది, బిడ్డ పెద్దవాడయ్యేదాకా నమ్మింది. ఇప్పుడు పిల్లల్ని వదిలి పనికి పోయే తల్లులందరూ ఏదో ఒక రూపంలో చేస్తున్నది ఇదే.

మన ప్రాంతంలో ఇది కొత్త సమస్యేమీ కాదు. వేరుశెనగ పీకే కాలంలో గట్టుమీది చెట్టుకొమ్మకు చీర కట్టి, ఆ ఉయ్యాలలో బిడ్డను పడుకోబెట్టి కాయలు కోసిన అవ్వలు మన సంఘాల్లోనే ఉన్నారు. వారినెవరూ చెడ్డ తల్లులనలేదు. అప్పుడు ఉయ్యాల ఊపింది ఎవరు? ఏడెనిమిదేళ్ళ అక్క. మన దేశంలో ఎందరో ఆడపిల్లలు బడి మానింది తమ్ముడినో చెల్లెలినో ఎత్తుకోవడానికే. మిర్యామును చూపించి దీన్ని కూడా భక్తిగా చెప్పేవారున్నారు. మిర్యాము నది ఒడ్డున నిలబడింది కొద్దిసేపు. మన ఆడపిల్లలు మానుకున్నది ఏళ్ళ తరబడి చదువు. ఈ రెంటికీ పోలిక లేదు.

ఇక ఇప్పటి దారులు చూద్దాం. అవ్వా తాతలుంటే అంతకు మించింది లేదు. రూతు కన్న ఓబేదును నయోమి కౌగిట చేర్చుకుని దాదిగా పెంచింది (రూతు 4:16). అయితే నయోమికి అది ఎండిపోయిన బ్రతుకులో దొరికిన సంతోషం. ఆరోగ్యం బాగాలేని అత్తమ్మ మీద ఉదయం ఏడు నుంచి రాత్రి ఏడు దాకా పసిబిడ్డను మోపి, పైగా ఇంటిపని కూడా చేయమంటే అది నయోమి ఒడి కాదు, వెట్టిచాకిరి.

రెండోది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకం ఈరోజు మన ప్రతి పల్లెకూ చేరింది. మూడేళ్ళు నిండిన పిల్లలకు అక్కడ ఆటపాటలు, వేడి భోజనం ఉన్నాయి. మూడేళ్ళ లోపువారికి సాధారణంగా ఇంటికి సరుకులిస్తారు, రోజంతా బిడ్డను చూసుకోరు. అంటే తల్లికి సెలవు ముగిసిన రోజు నుంచి బిడ్డకు మూడేళ్ళు వచ్చేదాకా ఒక పెద్ద గుంట ఉంది. మా సోదరి ఆ గుంట అంచున నిలబడి అడుగుతున్నది. ఈ గుంట పూడ్చడానికి చట్టాలు లేకపోలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టమే ముప్పైమందికి పైగా స్త్రీలు పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలని చెప్పింది. 2005 ఉపాధి హామీ చట్టం, పని జరిగేచోట ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురు చేరితే వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టమంది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలు చేశారు. యాభై మంది, అంతకు పైగా పనిచేసే సంస్థలో క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ అందులోనే చేర్చారు. ఈ సంగతి చెబితే ఆ సోదరి నవ్వింది. "మా ఆసుపత్రిలో అట్లాంటి గది ఎవురూ చూడలేదు అయ్యగారూ" అంది. అడగడానికి భయం. కొందరు కలిసి అడిగితే భయం తగ్గుతుంది.

మూడోది డబ్బిచ్చి పొరుగింట్లోనో, ప్రైవేటు కేంద్రంలోనో వదలడం. విశ్వాసులు సాధారణంగా నన్నడిగే మొదటి ప్రశ్న "వాళ్ళు రక్షణ పొందినవాళ్ళేనా?" అని. నేను చివరన అడిగే ప్రశ్న అది. సమూయేలును హన్నా వదిలింది సాక్షాత్తు దేవుని మందిరంలో. ఆ మందిరంలోనే ఏలీ కుమారులు దుర్మార్గులై ఉన్నారు (1 సమూయేలు 2:12). మందిరం గోడ ఒక్కటే బిడ్డకు కాపుదల కాదు. హన్నా కూడా పాలు మాన్పించేవరకు పంపలేదు, పంపాక ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకుపోయి తన కళ్ళతో చూసుకుంది. పిల్లలకు హాని చేసేవారిలో ఎక్కువమంది తెలిసినవారేనని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్న మాట. కాబట్టి "మన సంఘపు మనిషే" అన్న ఒక్క మాట మీద ఎవరికీ బిడ్డనివ్వకండి.

మరి ఏం చూడాలి? చెప్పకుండా మధ్యాహ్నం పూట వెళ్ళండి. పిల్లలు టీవీ ముందు వరుసగా కూర్చున్నారా, ఆడుకుంటున్నారా? నీళ్ళ సంపుకు మూత ఉందా? మెట్లకు అడ్డు ఉందా? పాలసీసా ఎవరు కడుగుతారు? ఒక్క మనిషి ఎందరిని చూస్తోంది? 2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్ళ లోపు పిల్లలకు పదిమందికి ఒక సంరక్షకురాలు ఉండాలని ఉంది. నన్నడిగితే పాలుతాగే పిల్లల విషయంలో అది కూడా ఎక్కువే. ఆ ఇంట్లో పగటిపూట ఇంకెవరెవరుంటారో తప్పకుండా అడగండి. మొహమాటపడకండి. బిడ్డ కొన్నాళ్ళు ఏడవడం సహజం, కానీ అలవాటుపడిన బిడ్డ ఉన్నట్టుండి ఫలానా మనిషిని చూడగానే బెదిరితే "మారాం చేస్తోంది" అని కొట్టి పంపకండి. బాలయేసు పన్నెండేళ్ళప్పుడు బంధువుల గుంపులో ఉన్నాడులే అనుకుని మరియ, యోసేపు ఒక దినప్రయాణం సాగిపోయారు (లూకా 2:44). అంత మంచి తల్లిదండ్రులకే 'ఎవరో ఒకరు చూస్తుంటారులే' అన్న పొరపాటు జరిగింది.

వేరే మతస్థుల ఇంట్లో పెరిగితే బిడ్డ విశ్వాసం ఏమవుతుందని కొందరి దిగులు. మోషే ఫరో ఇంట్లో పెరిగి కూడా తన జనమెవరో మరచిపోలేదు. యోకెబెదు చేతిలో ఉన్నది కొద్ది ఏళ్ళే. తిమోతికి విశ్వాసం అవ్వ లోయి, తల్లి యునీకేల నుంచి వచ్చింది (2 తిమోతి 1:5). సాయంత్రం ఇంటికొచ్చాక ఫోను పక్కన పెట్టి బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ప్రార్థించే అరగంట మన చేతిలోనే ఉంది.

జీతం మాట కూడా చెప్పాలి. మన బిడ్డను పగలంతా మోసే మనిషికి మనమిచ్చేది మన సెల్‌ఫోను ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. కేంద్రం మూతపడిందని విసుక్కున్నామే గానీ, ఆ టెంట్ల దగ్గరికి ఎన్ని సంఘాలు వెళ్ళాయి? రిబ్కా దాది దెబోరా చనిపోతే బేతేలు దగ్గర సింధూరవృక్షం కింద పాతిపెట్టారు, ఆ చెట్టుకు ఏడుపుకు గుర్తుగా అల్లోన్ బాకూత్ అని పేరు పెట్టారు (ఆది 35:8). రిబ్కా మరణాన్ని లేఖనం అలా వర్ణించలేదు, దాదికి మాత్రం ఆ గౌరవమిచ్చింది.

ఈ పనిని సంఘం తలకెత్తుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఫ్రాన్సు కొండప్రాంతంలో వాల్డెర్స్‌బాక్ అనే పేద గ్రామానికి 1767లో ఓబెర్లిన్ అనే లూథరన్ పాదిరి వచ్చాడు. తల్లిదండ్రులు పొలాలకు పోతే పసిపిల్లలు దిక్కులేక తిరగడం చూసి, ఊరి యువతులను నియమించి, పిల్లలను ఒకచోట చేర్చి ఆటలు, పాటలు, అల్లిక నేర్పించాడు. ఐరోపాలో శిశుపాఠశాలలకు ఇది తొలి మాదిరుల్లో ఒకటి. ఆయన ఇంటి పనిమనిషి లూయీస్ షెప్లెర్ తన జీవితమంతా ఆ పిల్లలకే ఇచ్చింది. 1829లో ఫ్రెంచ్ అకాడమీ ఆమెను బహుమానంతో గౌరవించింది. (ఆమె తర్వాత జీతం వద్దందట. ఆ సంగతి మాత్రం మన కమిటీ పెద్దలు ఆదర్శంగా తీసుకోవద్దని మనవి.) మన దేశంలో 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కట్టే కూలీల పిల్లలు మట్టిలో పడి ఉండటం చూసి మీరా మహదేవన్ 'మొబైల్ క్రెషెస్' మొదలుపెట్టారు. ఒక డేరాతో ఆరంభమైంది.

మన దగ్గర డేరా కాదు, కాంక్రీటు హాళ్ళే ఉన్నాయి. చందాలెత్తి కట్టినవి, ఫ్యాన్లు, బాత్‌రూములు ఉన్నవి. ఆదివారం, ఇంకా శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తప్ప వాటికి తాళం. ఇద్దరు ఓపికగల తల్లులకు సరైన జీతమిచ్చి, పదిమంది పసిపిల్లలను పగటిపూట చూసుకుంటే ఏమవుతుంది? అన్ని మతాల పిల్లలనూ చేర్చుకోవాలి. పాలగ్లాసు చేతికిచ్చి ప్రచారం చేయకూడదు, అది బిడ్డకూ సువార్తకూ అవమానం. తలుపులెప్పుడూ తెరిచి ఉండాలి, ఏ తల్లయినా ఏ వేళనైనా లోపలికి రావాలి. ఖర్చు, బాధ్యత, లైసెన్సు అన్న ప్రశ్నలు వస్తాయి. అవి నిజమైన ప్రశ్నలే, కూర్చుని లెక్క వేయవలసినవే. క్రిస్మస్ రోజున స్టేజికి, సౌండు సిస్టముకు అయిన ఖర్చును మాత్రం పక్కన పెట్టుకుని లెక్క వేయమంటాను.

ఆ సోదరి చివరకు తన పాపను రెండు వీధుల అవతల ఉన్న ఒక ముస్లిం అవ్వ దగ్గర వదులుతోంది. ముగ్గురు పిల్లలనే చూసుకుంటుందామె. మొదటి వారం అంతా సోదరి భర్త రోజూ మధ్యాహ్నం వెళ్ళి చూసి వచ్చాడు, అది నేను పెట్టిన షరతు. సంఘంలో ఇద్దరు పెద్దలు నన్ను తప్పుపట్టారు. వారిలో ఒకరి ఇంటి తాళంచెవి, హాలు తాళంచెవి ఒకే గుత్తిలో ఉంటాయి. వచ్చే సంఘ కమిటీ కూటం అజెండాలో ఈ సంగతి చేర్చమని సెక్రటరీగారికి రాసి ఇచ్చాను. ఏడో అంశంగా పెట్టారు, ప్రహరీగోడకు రంగులు వేయించడం తర్వాత.