థేమ్స్ బురదలోంచి మెడలోకి

లండన్‌లో థేమ్స్ నది నీరు రోజుకు రెండుసార్లు తీస్తుంది. అప్పుడు ఒడ్డున బురదలో తెల్లటి గొట్టం ముక్కలు బయటపడతాయి. చూడ్డానికి సుద్దముక్కల్లా ఉంటాయి, నిలువునా సన్నటి బెజ్జం ఉంటుంది. పదహారో శతాబ్దంలో ఇంగ్లండ్‌కు పొగాకు వచ్చాక, తరతరాలుగా జనం కాల్చి పారేసిన మట్టి పైపుల కాడలవి. వాటిని కడిగి, దారానికి గుచ్చి హారాలు చేసేవాళ్లున్నారు. నీలిపూల పింగాణీ పెంకులకు వెండి అంచు కట్టి లాకెట్లూ చేస్తారు.

ఈ పనిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఒడ్డున దొరికే ప్రతి కాడనూ దాచుకునే చోటు ఏ మ్యూజియంలోనూ లేదు. అక్కడే వదిలేస్తే అలలూ, పడవలు లేపే కెరటాలూ అరగదీస్తాయి. మెడలో వేసుకుంటే కనీసం నలుగురూ అదేమిటని అడుగుతారు.

అయితే పురావస్తు శాస్త్రజ్ఞులకు ఆ బెజ్జమే ఆధారం. కాలం గడిచేకొద్దీ పైపుల బెజ్జాలు సన్నబడ్డాయని 1954లో హారింగ్టన్ అనే అమెరికన్ గమనించారు. తవ్వకంలో ఒకేచోట దొరికిన కాడల బెజ్జాలన్నీ కొలిస్తే ఆ చోటు ఏ కాలానిదో అంచనా కట్టొచ్చు. ఒక్క ముక్కతో ఆ లెక్క తేలదు. అలలు కలిపేసిన ఒడ్డు మీద మరీ కష్టం. అందుకే ఉత్త కాడలతో పూసలు చేస్తే పోయేది తక్కువని నా ఉద్దేశం.

పొగాకు కూరే గిన్నె సంగతి వేరు. దాని అడుగున చేసినవాడి పేరులోని పొడి అక్షరాలు ఉండొచ్చు. గిన్నె ఆకారమే కాలం చెబుతుంది: పొగాకు ఖరీదైన తొలిరోజుల్లో అది చిన్నది, తర్వాత పెద్దదైంది. గడ్డం మనిషి ముఖం అచ్చువేసిన జర్మన్ కూజా పెంకూ అలాంటిదే. థేమ్స్ ఒడ్డున వెతకాలంటే పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ ఉండాలి. మూడు వందల ఏళ్లు దాటిన వస్తువు దొరికితే పురాతన వస్తువులను నమోదు చేసే అధికారికి చూపించాలి. నగ ఆలోచన ఆ తర్వాతే రావాలి.

ఇక చేసే పద్ధతి. తీగ చుట్టి కట్టిన పెంకును ఎప్పుడైనా విప్పుకోవచ్చు. డ్రిల్లు పెట్టిన రంధ్రం పూడదు, జిగురు పట్టిన అంచు మునుపటిలా కాదు. నేనైతే తీగ కట్టిన నగే కొంటాను, అదీ ఏ వంతెన దగ్గర, ఏ తేదీన దొరికిందో రాసిన చీటీ వెంట ఇస్తేనే.