మూడో రకం బెల్లం, మొదటి రకం కేక్

వీడియోలో కేక్ కోసినప్పుడు లోపలి రంగు చూశారు కదా. అందులో కోకో పొడి లేదు, కేరమెల్ లేదు, కొన్న రంగు అసలే లేదు. అది బెల్లం రంగే. ఏ రంగు వల్ల మన దిమ్మకి అనకాపల్లి యార్డులో రేటు తగ్గుతుందో, సరిగ్గా ఆ రంగు కోసమే బేకరీ వాళ్లు పంచదారని మాడ్చి నల్లటి పాకం తీస్తారు. క్రిస్మస్ ప్లమ్ కేక్ తెల్లగా ఉంటే ఎవరు కొంటారండీ?

అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచి ఉంది. బెల్లానికి అంత చరిత్ర ఉన్న ఊళ్లో కూడా దిమ్మని ఒకటో రకం, రెండో రకం, మూడో రకం అని విడదీసేది ముఖ్యంగా కంటితోనే. నాలుక మీద వేసుకుని చూసేవాళ్లు తక్కువ. పసుపుపచ్చగా మెరిస్తే పై రేటు, ముదురు గోధుమ రంగులో ఉంటే కింద రేటు. పెనంలో హైడ్రోస్ పడేది ఇందుకే. సోడియం హైడ్రోసల్ఫైట్ అనే ఆ మందు రంగుని కొన్నాళ్లు అణిచిపెడుతుంది, అంతే. నిల్వలో బెల్లం మళ్లీ నల్లబడుతుంది, గంధకం మాత్రం తినేవాడి కడుపులోకి పోతుంది. జీవామృతంతో చెరకు పెంచి, బెండ జిగురుతో మడ్డి తీసి వండిన రైతు కింద రేటు తీసుకుని ఇంటికొస్తాడు. పైగా నల్లబెల్లం అనగానే సారాకేమోనని ఒక అనుమానం.

అలాగని నల్లగా ఉన్నదల్లా మంచి బెల్లం అనుకోవద్దు. మంట ఎక్కువై మాడిందీ నల్లగానే ఉంటుంది, మడ్డి సరిగ్గా తీయనిదీ నల్లగానే ఉంటుంది. యూరియా ఎక్కువ తిన్న చెరకు బెల్లమూ రంగు తగ్గుతుంది, సరిగ్గా గట్టిపడదు. ముక్క విరిచి నోట్లో వేసుకోండి. చేదు, ఉప్పదనం, మాడు వాసన ఉంటే కేక్‌కి పనికిరాదు. అలాంటిది మన సొంతదైనా సరే, పక్కన పెట్టాల్సిందే.

ఇక చేయడం. తురిమిన బెల్లం పావు కిలో, అర గ్లాసు నీళ్లలో కరగబెట్టి వడకట్టాలి. పీచు, ఇసుక రేణువు ఏదో ఒకటి ఉండనే ఉంటుంది, వడకట్టడం మానొద్దు. బాగా చల్లారాక 150 గ్రాముల వెన్న, 3 గుడ్లు, పావు కప్పు పెరుగు కలిపి గిలక్కొట్టండి. పావు కిలో గోధుమ పిండిలో అర చెంచా వంటసోడా, చెంచా బేకింగ్ పౌడర్, శొంఠి, దాల్చినచెక్క, యాలకులు, కాస్త జాజికాయ వేసి జల్లించి, ఇందులో నెమ్మదిగా కలపాలి.

పండ్ల దగ్గరే మన ఇంటి కేక్‌కి అసలు రుచి వస్తుంది. బజారులో ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో దొరికే టూటీ ఫ్రూటీ ఏంటనుకుంటున్నారు? పచ్చి బొప్పాయే, పంచదార పాకంలో ఉడికించి రంగు వేసింది. మన గట్టు మీద బొప్పాయి ఉంటే అదే బెల్లం పాకంలో ఉడికించి ఆరబెట్టుకోవచ్చు. దాంతోపాటు ఎండబెట్టిన పనస తొనలు, మామిడి తాండ్ర ముక్కలు, ఖర్జూరం, జీడిపప్పు. సీతంపేట వైపు అనాస దొరికితే అదీ ఎండబెట్టి వేయండి. అన్నీ కలిపి 400 గ్రాములు దాటకుండా, ముందు రాత్రి నారింజ రసంలో నానబెట్టాలి. ఒక్క రాత్రే సుమా. పల్చటి బెల్లం పాకంలో వారం వదిలేస్తే పులిసి సారా వాసన కొడుతుంది, ఊళ్లో లేనిపోని మాట.

ఓవెన్ అక్కర్లేదు. కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, రబ్బరు, విజిల్ తీసేసి 10 నిమిషాలు వేడి చేయండి. పిండిని రెండు గిన్నెల్లో సగం సగం పోసి, ఒకదాని తర్వాత ఒకటి సన్న మంట మీద పెట్టండి. గంట దగ్గర నుంచి పుల్ల గుచ్చి చూస్తూ ఉండాలి. బెల్లం కేక్ పంచదార కేక్ కన్నా త్వరగా అంచులు మాడుతుంది, మంట పెంచితే చేదెక్కుతుంది.

నిల్వ సంగతిలో మన సముద్రపు గాలి లెక్క వేరు. వేడి మీద మూత పెట్టకండి. పూర్తిగా చల్లారాక బటర్ పేపర్ చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి, రెండు మూడు రోజులు కోయకుండా ఉంచండి. బెల్లం తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి ఈలోగా కేక్ మెత్తబడి, మసాలా లోపలికి దిగుతుంది. మద్యం వేయని కేక్ కదా, నెలల తరబడి ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. డిసెంబర్ చలిలో బయట వారం, ఆ పైన ఫ్రిజ్. బూజు చుక్క కనిపిస్తే గీకి తినడం కాదు, మొత్తం పారేయడమే.

ఇది మన తిండి కాదు కదా అనేవాళ్లకి ఒక్క మాట. 1883లో కేరళలోని తలస్సేరిలో మంబళ్లి బాపు అనే బేకరీ ఆయన, ఒక ఇంగ్లీషు దొర ఇచ్చిన కేక్ ముక్క రుచి చూసి, బ్రాందీ బదులు జీడిమామిడి పండు సారా పోసి క్రిస్మస్ కేక్ చేశాడని చెబుతారు. ఆయన ఊళ్లో ఉన్నది ఆయన వేశాడు, మన ఊళ్లో ఉన్నది మనం వేస్తున్నాం.

కేకులతో పంట మొత్తం అమ్ముడైపోతుందని నేననను. 10 కిలోల బెల్లానికి 40 కేకులు. ఎకరం బెల్లం ముందు అదెంత? ఇంట్లో చేసి అమ్మాలంటే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. నేను చూస్తున్నది బేకరీల వైపు. డిసెంబర్ మొదటి వారంలో దగ్గర్లోని బేకరీకి కిలో బెల్లం, దాంతో చేసిన కేక్ ముక్క పట్టుకెళ్లండి. ముందు ముక్క తినిపించండి, తర్వాత దిమ్మ చూపించండి. రేటు అడిగితే ఆ రోజు యార్డులో ఒకటో రకానికి ఎంతుందో అదే చెప్పండి.