ఫైలు ఎవరి చేతిలో ఉంది?

ఈ సంచికకు ఆస్తి హక్కు మీద సంపాదకీయం రాద్దామనుకున్నాం. దాన్ని వచ్చే సంచికకు వాయిదా వేశాను. గత నెల చూసి వచ్చిన ఒక సంగతి నన్ను వదలడం లేదు.

తొమ్మిదో తరగతిలో మాకు లెక్కలు చెప్పిన టీచరుగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తిరగబెట్టింది. ఆవిడకిప్పుడు అరవై ఏడేళ్లు. మూడేళ్ల కిందట కుడి ఊపిరితిత్తిలో పైభాగం తీసేసి, నాలుగుసార్లు కీమోథెరపీ ఇచ్చారు. మిగిలిన భాగంలో మళ్లీ గడ్డ కనబడటంతో ఆరు వారాల కిందట రెండో ఆపరేషన్ చేశారు. గడ్డంతా తీసేశామని సర్జన్ చెప్పారు. అయినా 'సేఫ్టీ కోసం' ఇంకో నాలుగుసార్లు కీమో ఇద్దామని క్యాన్సర్ డాక్టరు అన్నారు. అన్నది ఎవరితో? ఆవిడ కొడుకుతో. ఆవిడ ఆ సమయానికి బయట వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. (ఇవన్నీ ఆవిడను అడిగే రాస్తున్నాను. పేరూ ఊరూ మాత్రం వద్దన్నారు.)

రెండో ఆపరేషన్‌కు ముందు ఆవిడకు చెప్పింది ఇదీ: "పాత కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ చేరింది, శుభ్రం చేయాలి." కొడుకు వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశారు. "మీకు అనుమానం రాలేదా టీచర్?" అని అడిగాను. "ఎందుకు రాదు? ఇన్ఫెక్షన్‌కి పెట్ స్కాన్ తీస్తారా? అడిగితే వాడు ఏడుస్తాడని ఊరుకున్నా" అన్నారు.

1965లో గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికా ఆసుపత్రుల్లో చావుకు దగ్గరైన రోగులను గమనించి ఒక పుస్తకం రాశారు. రోగికీ తెలుసు, చుట్టూ ఉన్నవాళ్లకీ తెలుసు, అయినా ఎవరికీ తెలియనట్టే అందరూ నటిస్తారని అందులో వివరించారు. చదువుకునే రోజుల్లో పరీక్షలో ఈ ప్రశ్నకు జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మా టీచరుగారి వసారాలో కూర్చున్నప్పుడు నేనూ ఆ నటనలో ఒక వేషం కట్టానని ఆలస్యంగా గ్రహించాను. వెళ్లగానే "బాగున్నారు టీచర్, కాస్త ఒళ్లు చేశారు కూడా" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

అంగీకారం అన్న మాట మన ఉద్యమానికి కొత్త కాదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేద స్త్రీలకు పూర్తి సంగతులు చెప్పకుండా నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి పూనుకుంటే స్త్రీశక్తి సంఘటన అడ్డం తిరిగింది. 1986లో మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్.పి.వి. టీకాలు వేసినప్పుడు హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. అప్పుడూ మనం గొంతెత్తాం. అయితే ఆ పోరాటాల్లో మనకు ఎదురుగా నిలబడినది ప్రభుత్వం, కంపెనీలు. ఇక్కడ ఉన్నది తల్లి కోసం ఆసుపత్రి బల్లమీద పదకొండు రాత్రులు పడుకున్న కొడుకు. అతని మీద కోపం తెచ్చుకోవడం నాకు సాధ్యం కాలేదు. కుటుంబంలో పితృస్వామ్యం ఎప్పుడూ కర్ర పట్టుకునే రాదు, ఒక్కోసారి హార్లిక్స్ కలిపి తెస్తుంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. నలభై నాలుగేళ్ల అవివాహిత ఒకామె ఢిల్లీలో కడుపు లోపల పరీక్ష చేయించుకోవడానికి వెళ్తే, మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి దగ్గర అనుమతి తీసుకుని డాక్టరు ఆమె గర్భసంచీ, అండాశయాలూ తీసేసింది. ఆ సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా తీర్పు చెప్పింది. తెలివితో ఉండి తన సంగతి తాను నిర్ణయించుకోగల స్త్రీ బదులు తల్లి ఇచ్చే అనుమతి చెల్లదు. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరమైతే తప్ప, ఆమె మెలకువలోకి వచ్చేదాకా ఆగవలసిందే. తల్లి అనుమతే చెల్లనప్పుడు కొడుకు అనుమతి మాత్రం ఎట్లా చెల్లుతుంది? చికిత్స తీరు, దాని ప్రయోజనం, ప్రమాదం, వేరే దారులు, అసలు చేయించుకోకపోతే ఏమవుతుంది అన్న సంగతులన్నీ రోగికే చెప్పాలని కూడా ఆ తీర్పులో ఉంది. కాగితం మీద సంతకం ఉన్నంత మాత్రాన ఇవన్నీ చెప్పినట్టు కాదు.

మరి టీచరుగారికి ఏం చెప్పి ఉండవలసింది?

ఊపిరితిత్తుల ఆపరేషన్ అయ్యాక, కంటికి కనబడకుండా మిగిలిపోయిన కణాలను చంపడానికి కీమో ఇస్తారు. ఇది ఎంత మేలు చేస్తుందన్న దానికి లెక్క ఉంది. సిస్‌ప్లాటిన్ మందుతో జరిగిన అయిదు పెద్ద పరీక్షల్లోని 4,584 మంది వివరాలను కలిపి చూసి 2008లో ప్రచురించారు. కీమో తీసుకున్నవాళ్లలో అయిదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు నూటికి సుమారు అయిదుగురు ఎక్కువ. అంటే నూరు మంది ఆ బాధ పడితే అయిదుగురికి దానివల్ల మేలు జరుగుతుంది. మిగిలినవారిలో కొందరు ఎట్లాగూ బతికేవారే, కొందరికి కీమో ఇచ్చినా జబ్బు ఆగదు. ఎవరు ఏ వరసలో ఉన్నారో ముందుగా చెప్పగలవారు లేరు. అయిదుగురంటే చిన్న సంఖ్య అని నేననను. ఆ అయిదుగురిలో మన అమ్మ ఉంటే అదే లోకం. కానీ ఆ సంఖ్యను చెప్పకుండా 'సేఫ్టీ' అని మాత్రమే చెప్పడం న్యాయం కాదు.

పైగా ఆ లెక్క మొదటిసారి ఆపరేషన్ అయినవాళ్లది. తిరగబెట్టాక రెండోసారి కోసి తీసేసిన తర్వాత మళ్లీ కీమో ఇవ్వాలా వద్దా అన్నదానికి అంత గట్టి ఆధారం లేదు. డాక్టరు తన అనుభవంతో బేరీజు వేసి చెప్పవలసిందే. ఇది పాతదే తిరిగి వచ్చిందా, కొత్తగా పుట్టిన వేరే క్యాన్సరా? ఎన్నాళ్లకు వచ్చింది? మొదటిసారి ఏ మందు ఇచ్చారు, అది ఇచ్చాక కూడా తిరగబెట్టినప్పుడు మళ్లీ అదే మందు పనిచేస్తుందా? మూత్రపిండాలు, చెవులు, నరాలు ఎట్లా ఉన్నాయి? ఈ చివరి ప్రశ్న దగ్గర టీచరుగారు నన్ను ఆపారు. మూడేళ్లుగా ఆవిడ ఎడమ చెవిలో హోరు. వేళ్ల కొసలు మొద్దుబారి జాకెట్టు హుక్కులు కూడా పెట్టుకోలేరు. ఇవి ఆ మందు వల్ల వచ్చి ఉండవచ్చని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. వయసు మీద పడిందనుకున్నారు.

ఇంకొకటి కూడా ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే లోకం అడిగే మొదటి ప్రశ్న సిగరెట్టు గురించే. ఆవిడను "మీవారు తాగేవారా?" అని అడిగారు. ఆయన కిళ్లీ కూడా వేసుకునేవాడు కాదు. ఆవిడ మాత్రం పెళ్లయిన కొత్తలో పదిహేనేళ్లు ఊకపొయ్యి, కట్టెలపొయ్యి ఊదారు. ఆ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఆ సంగతి కేసుషీటులో రాసుకునేవారు తక్కువ. పొగ తాగని స్త్రీలకు వచ్చే ఈ క్యాన్సర్లలో చాలాసార్లు ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు కనబడుతుంది. అది ఉంటే ఆపరేషన్ తర్వాత మూడేళ్లపాటు రోజూ ఒసిమెర్టినిబ్ అనే మాత్ర వేసుకునే దారి ఉంది. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం ఈ మాత్ర వేసుకున్నవాళ్లలో అయిదేళ్లకు నూటికి 88 మంది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 78 మంది బతికి ఉన్నారు. ఇదీ మొదటిసారి ఆపరేషన్ అయినవాళ్ల లెక్కే. మందు ఖరీదు చాలా ఎక్కువ, 2024 బడ్జెట్లో కస్టమ్స్ సుంకం తీసేసినా పెన్షన్ డబ్బులతో మూడేళ్లు కొనగలిగేది కాదు. అయినా కీమో మాట ఎత్తే ముందు ఆవిడ ముక్క పరీక్షలో ఈ మార్పు చూశారా లేదా అన్నది తేలాలి కదా. ఫైల్లో ఆ కాగితం ఉందో లేదో ఆవిడకు తెలియదు. ఫైలు కొడుకు బీరువాలో ఉంది.

ఈ లెక్కలన్నీ నేను చెబుతుంటే ఆవిడ శ్రద్ధగా విన్నారు. "నూటికి అయిదా?" అని రెండుసార్లు అడిగి, "అయితే వద్దులే" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు లోలోపల సంతోషం కలిగింది. ఒక స్త్రీ తన శరీరం గురించి తాను నిర్ణయం తీసుకుంది! సంపాదకీయం అక్కడితో రాసేయవచ్చుననిపించింది.

టీ తాగుతుండగా ఆవిడ మాటల్లో అసలు సంగతి బయటపడింది. మనవరాలికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది, ఫీజు కట్టాలి. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ కోడలు సెలవు పెడుతోంది, ఆమె ఉద్యోగం పోతుందేమో. "నాకెందుకమ్మా ఇంకా ఖర్చు, అన్నీ చూశాను." పన్నెండేళ్ల కిందట ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఎకరంన్నర మాగాణి అమ్మారు. అప్పుడు ఆ ఇంట్లో ఎవరూ నూటికి ఎందరని అడగలేదు.

ఇదొక ఇంటి కథ మాత్రమే కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌కు 2016లో వచ్చిన 23 లక్షలకు పైగా బయటి రోగుల లెక్కలు చూసిన పరిశోధకులు, ఒక్కో స్త్రీకి 1.69 మంది పురుషులు వచ్చారని 2019లో రాశారు. ఊరు దూరమయ్యే కొద్దీ స్త్రీలు ఇంకా తగ్గిపోయారు. రానివాళ్లంతా ఇంట్లో ఏమని ఉంటారు? "నాకెందుకులే" అనే ఉంటారు. స్త్రీ 'వద్దు' అంటే ఆమె నిర్ణయాన్ని గౌరవించాలని మనమే చెబుతూ వచ్చాం. చిన్నప్పటి నుంచీ చివరి బంతిలో కూర్చున్న మనిషి చెప్పే 'వద్దు'ను అట్లా కళ్లకద్దుకుని తీసుకోవచ్చునా? అట్లాగని ఆమె మాట ఆమెది కాదని, త్యాగమనీ భ్రమ అనీ తోసేస్తే మనకూ ఆ డాక్టరుకూ తేడా ఏముంది?

నాకు తోచినది ఒక్కటే. డబ్బు ప్రశ్ననూ శరీరం ప్రశ్ననూ విడదీసి అడగాలి. అదే ఆవిడను అడిగాను. "ఖర్చంతా ఎవరో భరిస్తారు, కోడలికి సెలవు అక్కర్లేదు, నేను వచ్చి ఉంటాను. అప్పుడేమంటారు?" ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడు ఆ పరీక్ష సంగతి తెలుసుకుంటాను. చెవి పూర్తిగా పోతుందంటే మాత్రం వద్దు. పిల్లల మాట వినబడకుండా అయిదేళ్లు ఉండి ఏం చేస్తాను?" అన్నారు. మొదట చెప్పిన 'వద్దు' వేరు, ఇది వేరు. ఇందులో ఆవిడ ఉన్నారు.

కీమో వద్దంటే చికిత్సే వద్దన్నట్టు కాదని కూడా చెప్పాను. మూడు నెలలకోసారి స్కాన్ తీయించుకుంటూ కనిపెట్టి ఉండటం కూడా ఒక దారే. నొప్పికీ ఆయాసానికీ ఉపశమన వైద్యం ఉంది. అది చేతులెత్తేసిన తర్వాత ఇచ్చేదని చాలామంది అనుకుంటారు. బోస్టన్‌లో 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు మొదటినుంచీ మామూలు చికిత్సతో పాటు ఈ వైద్యం కూడా అందిస్తే వాళ్లు బాధ తక్కువగా బతికారు, పైగా రెండు మూడు నెలలు ఎక్కువ కాలం బతికారు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి మార్ఫిన్ అనుమతులను సులభం చేసినా మన జిల్లాల్లో చాలా చోట్ల అది దొరకదు. దీని మీద వచ్చే సంచికలో విడిగా ఒక వ్యాసం వేస్తున్నాం.

రికార్డుల సంగతి కూడా పాఠకులకు చెప్పాలి. రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. ఇంకో డాక్టరు సలహా తీసుకునే హక్కును జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రాశారు. ఇందుకు ఒక వారం పట్టినా కొంపలు మునగవు. ఆ వారం రోజులు అడగడానికే మన ఇళ్లలో ఆడవాళ్లు జంకుతారు.

ఆ సాయంత్రం కొడుకు వచ్చాక ఆవిడ ఫైలు అడిగారు. అతను నా వైపు చూసిన చూపు బాగాలేదు. "అమ్మకి ఇవన్నీ ఎందుకు చెప్పారండీ?" అన్నాడు. చాలాసేపటికి బీరువా తాళం తీశాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెట్టారు. అర్థం కాని చోటల్లా పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టారు, మా నోటుపుస్తకాల్లో పెట్టినట్టే.

మొన్న ఫోన్ చేశారు. రూళ్ల కాగితం మీద తొమ్మిది ప్రశ్నలు రాసుకున్నారట. జన్యువు పరీక్షది మొదటిది, చెవి సంగతి రెండోది. మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. కొడుకూ కోడలూ ఇద్దరూ వస్తున్నారు. "నువ్వూ రా. కానీ లోపల నువ్వేం మాట్లాడకు, నేనే అడుగుతా" అన్నారు.