ఆటకు పిలిచిన కళాశాల

కొండకల్ గ్రామము పేరు ఈనాడు రైలు పెట్టెల కర్మాగారము మూలమున పదిమందికి తెలిసినది. ఆ గ్రామమునకు చుట్టుప్రక్కల శంకరపల్లి, మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములలో కళాశాలలు అంతకు ముందే వెలసినవి. పొలముల నడుమ అంతస్తుల భవనము, దాని ప్రక్కన సిమెంటు పరచిన ఆటస్థలము ఆ దారిని పోవువారికి పరిచితమైన దృశ్యమే. బాస్కెట్‌బాల్ కోర్టు వేయించిన కళాశాలకు దానిపై ఆడువారు కావలెను. ఇంటర్మీడియెట్ ముగించిన ఆటగాండ్రను వెదకి పిలుచుట ఇందుకే. ఈ పిలుపు మంచిదే యని నా అభిప్రాయము. అయితే పిలిచిన కళాశాల ఏమి ఇచ్చుచున్నదో, వచ్చిన విద్యార్థి ఏమి అడుగవలెనో ఇరువురును ముందుగా తెలిసికొనవలెను.

ఈ ఆట పుట్టినదే ఒక విద్యాలయములో. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున తన విద్యార్థులు నాలుగు గోడల మధ్య ఆడుకొనుటకు వీలుగా రెండు పండ్లబుట్టలను ఎత్తున కొట్టించి, 13 నియమములు వ్రాసి గోడకు అంటించెను. ఆనాడు బంతి పట్టినవారందరును విద్యార్థులే. ఆటగాడు వేరు, విద్యార్థి వేరు అను భేదము అప్పటికి లేదు.

చిన్న కళాశాలకు ఒక సహజమైన మేలు కలదు. జట్టులో పన్నెండుగురు ఉందురు. కోర్టుపై ఆడువారు అయిదుగురే. పేరుమోసిన కళాశాలలో పన్నెండవవాడుగా చేరినవాడు మూడేండ్లును బల్లపై కూర్చుండి చప్పట్లు కొట్టవలసి రావచ్చును. చిన్న కళాశాలలో అతడే మొదటి అయిదుగురిలో ఒకడగును. ఆట ఆడుటవలననే వచ్చును గాని చూచుటవలన రాదు. పైగా అచ్చటి ఉపాధ్యాయునికి అతని పేరు తెలియును. అతడు తరగతికి రానినాడు ఆ లోటు కనబడును.

ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనము స్టీఫెన్ కర్రీ. హైస్కూలు ముగించునాటికి అతడు బక్కపలుచని బాలుడు. పెద్ద విశ్వవిద్యాలయములు అతనికి స్కాలర్‌షిప్పు ఇచ్చుటకు ముందుకు రాలేదు. ఉత్తర కరొలీనాలో సుమారు రెండు వేలమంది చదువు డేవిడ్‌సన్ కళాశాల పిలిచినది. 2006లో చేరిన ఆ బాలుడు 2008లో తన కళాశాలను జాతీయ పోటీలలో చివరి ఎనిమిది జట్ల సరసన నిలిపెను. 2009లో పట్టము పొందకయే వృత్తిక్రీడలోనికి పోయెను. అటుపై అతని కీర్తి దేశదేశములకు ప్రాకినను, డేవిడ్‌సన్ అతని 30వ నంబరును శాశ్వతముగా అతనికే కేటాయించి గౌరవింపలేదు. పట్టభద్రులకే ఆ గౌరవమని అచ్చటి నియమము. 2022లో అతడు చదువు పూర్తిచేసెను. ఆ యేడే ఆ గౌరవమును అందుకొనెను. ఆటకై పిలిచిన కళాశాల చదువును మరువలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఆ దేశములోనే మూడవ శ్రేణిగా లెక్కింపబడు కళాశాలలు నాలుగు వందలకు పైగా ఉన్నవి. ఆటను బట్టి స్కాలర్‌షిప్పు ఇచ్చుట అచ్చట నిషిద్ధము. కోచి విద్యార్థికి ఉత్తరము వ్రాయవచ్చును, ఆట చూడవచ్చును, ఆహ్వానింపవచ్చును. ధనసహాయము మాత్రము అతని మార్కులను, కుటుంబపు అవసరమును బట్టియే లభించును. కనుక మోకాలు దెబ్బతిని ఆట మానినంత మాత్రమున ఆ సహాయము మానదు.

మన సంగతి వేరు. మన ఇంజనీరింగు ప్రవేశములలో క్రీడాకారులకు కేటాయించినది 0.5 శాతము, అనగా 200 సీట్లకు ఒకటి. దానికి బాస్కెట్‌బాల్ ఆడువారే కాదు, తక్కిన ఆటలవారును పోటీపడుదురు. ప్రైవేటు కళాశాలలలో 70 శాతము సీట్లు కన్వీనరు నింపగా, మిగిలిన 30 శాతము యాజమాన్యము చేతిలో ఉండును. ఆటగానికి వచ్చు పిలుపు తరచుగా ఈ రెండవ దారినే వచ్చును. “మా జట్టున ఆడుము, ఫీజు సంగతి మేము చూచుకొందుము” అను మాట తండ్రికి తేనెవలె వినబడును. ఆ మాట ఏ కాగితముపైనను ఉండదు. మొదటి సంవత్సరము షీల్డు వచ్చును. రెండవ సంవత్సరము కాలు బెణుకును. మూడవ సంవత్సరము ఫీజు బాకీ వచ్చి కూర్చుండును.

ఇక హాజరు మాట. మన విశ్వవిద్యాలయములు సాధారణముగా 75 శాతము హాజరు కోరును. టోర్నమెంటుకు పోయి కళాశాలకు పేరు తెచ్చిన దినములు హాజరుపట్టీలో గైరుహాజరుగా నమోదగుట ఏమి న్యాయము? షీల్డును ప్రిన్సిపాలుగారి గదిలో అద్దాల బీరువాలో పెట్టుదురు. దానిని తెచ్చినవాడు పరీక్షకు అర్హత లేక వరండాలో నిలుచుండును.

తక్కువ మార్కులవానిని ఆట పేరిట చేర్చుకొనుట తగదని కొందరందురు. తెల్లవారుజామున లేచి యేండ్ల తరబడి సాధన చేయగలవానికి చదువుపట్ల నిష్ఠ పుట్టదనుట పొరపాటు. దానిని పుట్టించు పని మా ఉపాధ్యాయులది. ఫీజు తగ్గించినాము గనుక ఆడి తీరవలెనని యాజమాన్యములందురు. అట్లైన అది కూలి యగును, విద్యాదానము కాదు.

కావున ఈ ప్రాంతపు తలిదండ్రులకు నా మనవి ఇది. పిలుపు వచ్చినపుడు సంతోషింపుడు. కాని సంతకము చేయుటకు ముందు నాలుగు సంగతులు వ్రాయించుకొనుడు. ఎంత ఫీజు, ఎన్ని సంవత్సరములు తగ్గింతురు? గాయపడినచో ఆ తగ్గింపు నిలుచునా? వైద్యపు ఖర్చు ఎవరిది? పోటీలకు పోయిన దినములకు హాజరు ఇత్తురా, పోయిన పాఠములు తిరిగి చెప్పుదురా? వీనికి వ్రాతపూర్వకముగా బదులీయని కళాశాలకు ఆటగాడు కావలెను గాని విద్యార్థి అక్కరలేదని గ్రహింపుడు. మరియొక ప్రశ్న కూడ అడుగుడు: ఇంతకుముందు వారి జట్టున ఆడినవారిలో పట్టము చేతబట్టుకొని పోయినవారు ఎందరు? బీరువాలోని షీల్డులకంటె ముందు చూడవలసిన లెక్క అది.