సైకిల్ కొమ్ములు కొనేప్పుడు బరువు కాదు, పట్టు చూడండి



పిల్లలు హాస్టళ్లకి పోయాక వాళ్ల గేర్ సైకిళ్లు ఇళ్లల్లో ఊరికే పడుంటున్నాయి. పెట్రోలు లీటరు వంద దాటి ఏళ్లయింది కాబట్టి మనోళ్లు కొందరు వాటి మీదే చేలకి పోతున్నారు. మంచిదే. కాకపోతే కాస్త దూరం తొక్కగానే చేతులు తిమ్మిరెక్కుతాయి. దానికి మందుగా హ్యాండిల్ చివర బిగించే కొమ్ములు అమ్ముతారు. బార్ ఎండ్స్ అంటారు వాటిని. ఎంత తేలికో చెప్పి అమ్ముతారు. మనం చూడాల్సింది ముందు అది కాదని నా అభిప్రాయం.

తిమ్మిరి ఎందుకొస్తదో చూడండి. పాత హీరో, అట్లాస్ సైకిళ్లకి హ్యాండిల్ వెనక్కి వంగి ఉండేది. నిటారుగా కూర్చుంటే బరువంతా సీటు మీద పడేది. గేర్ సైకిల్ హ్యాండిల్ తిన్నగా కర్రలాగా ఉంటది. ముందుకి వంగి తొక్కాలి, ఒంటి బరువు అరచేతుల మీద పడుద్ది. చిటికెన వేలు వైపు అరచేతిలోంచి పోయే నరం నలుగుద్ది. అందుకే చిటికెన వేలు, ఉంగరం వేలు ముందు మొద్దుబారతాయి. కొమ్ములుంటే అరచేతులు ఎదురెదురుగా వచ్చేట్టు పట్టు మార్చుకోవచ్చు. ఆ మార్పులోనే సుఖం ఉంది.

డబ్బు పెట్టేముందు సీటు చూసుకోండి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లు ముందుకి జారి చేతుల మీద పడుద్ది. సమంగా చేస్తే చాలామందికి సగం బాధ తగ్గుద్ది. పైసా ఖర్చు లేదు.

అయినా తగ్గకపోతే కొమ్ములు కొనండి. అల్యూమినియంవి చాలు. ఇనుము బరువు, తుప్పు. కార్బన్‌వి ఇంకా తేలికే గానీ ఖరీదు ఎక్కువ, దెబ్బ తగిలితే లోపల పగిలింది పైకి కనపడకపోవచ్చు. పాలక్యాను కట్టుకుని పోయే మనకి యాభై గ్రాములు తగ్గితే ఒరిగేదేముంది? పొట్టివి, లావుగా ఉండి పైన రబ్బరు ఉన్నవి తీసుకోండి. సన్న గొట్టం ఎంత తేలికైనా అరచేతిలో గుచ్చుకుంటది. పొడుగ్గా వంకర తిరిగినవి డొంకలో కంపకి, చేలో పత్తి కొమ్మలకి తగులుకుంటాయి. పడేది మనమే.

చాలా గేర్ సైకిళ్ల హ్యాండిల్ చివర 22.2 మిల్లీమీటర్లు ఉంటది, కొమ్ము బిగింపు దానికి సరిపోవాలి. గ్రిప్పుని, బ్రేకు పిడిని కొంచెం లోపలికి జరిపి చోటు చెయ్యాలి. కొమ్ము మరీ నిలువుగా కాకుండా ముందుకి, కాస్త పైకి ఉండేట్టు పెట్టుకోండి. బిగించాక ఒంటి బరువేసి నొక్కి చూడండి, తిరగకూడదు. హ్యాండిల్ చివర బిరడా ఊడిపోతే తప్పకుండా వేయించండి. వట్టి గొట్టం పొట్టలో దిగితే ప్రాణం మీదికొస్తది.

అన్నిటికంటే ముఖ్యం: కొమ్ము మీద చెయ్యుంటే బ్రేకు అందదు. నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద సిమెంటు లారీల మధ్య కొమ్ములు పట్టుకోవద్దు. ఎదురు రానిచోట, ఎత్తు ఎక్కేప్పుడు వాడండి. వాటికి సంచులు, క్యాన్లు తగిలించవద్దు, హ్యాండిల్ ఒక పక్కకి లాగేస్తది.

సైకిల్ దిగిన తర్వాత కూడా తిమ్మిరి పోకపోతే కొమ్ములు మార్చుకుంటూ కూర్చోవద్దు. అది షుగర్ వల్ల కావచ్చు, మెడ నరం కావచ్చు. డాక్టరుకి చూపించుకోండి.

మిరపకాయ కొయ్యాలన్నా, పత్తి తియ్యాలన్నా, మందు పంపు కొట్టాలన్నా వేళ్లలో స్పర్శ ఉండాలి. మన పెట్టుబడిలో చేతులే మొదటిది. కొనేప్పుడు పది నిమిషాలు ఆ కొమ్ముని పట్టుకుని చూడండి. షాపతను విసుక్కున్నా సరే.

వాడుతున్నోళ్లు ఉంటే మీ అనుభవం కింద రాయండి, నలుగురికీ పనికొస్తది.